‘సెర్చ్ చేశారా?’ అని అడిగే ముందు

ప్రశ్న: మాది ఫోటోగ్రఫీ నేర్చుకునేవాళ్ల ఆన్‌లైన్ ఫోరం. చాలా ఏళ్లుగా సభ్యురాలిని, ఈమధ్యే మోడరేటర్ బాధ్యత కూడా తీసుకున్నాను. మా దగ్గర రోజూ పాడిందే పాట పాచిపళ్ల దాసరి వ్యవహారం. ‘ఇంట్లో తీస్తే ఫోటోలు మసగ్గా వస్తున్నాయి, ఎందుకు?’, ‘మొదటి కెమెరా ఏది కొనమంటారు?’, ఇవే. జవాబులన్నీ పైన పిన్ చేసిన పోస్టులో రాసి పెట్టాం. ఒక్కరూ చదవరు. ఈమధ్య ఒకబ్బాయి మళ్లీ ఆ మసక ఫోటోల ప్రశ్నే వేస్తే, మా సీనియర్ ఒకాయన ‘సెర్చ్ బాక్స్ కూడా మసగ్గా కనిపిస్తోందా?’ అని రాశారు. దాని కింద బోలెడన్ని నవ్వు ఎమోజీలు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. ఆ అబ్బాయి మళ్లీ కనిపించలేదు.

ఇప్పుడు ఫోరం రెండు వర్గాలైంది. కొత్తగా చేరినవాళ్లు నెల రోజుల దాకా ప్రశ్న వేసే వీలు లేకుండా చేయాలని ఒక వర్గం. ఒకటి రెండు నెలలు ఊరికే చదివాకే రాయాలని పాతకాలపు ఇంటర్నెట్ మర్యాదల్లోనే ఉందని సీనియర్ వాదన. ఆయన్నే ఫోరంలోంచి తీసేయాలని రెండో వర్గం. నేను నేర్చుకున్న కాస్తా ఆయన దగ్గర నేర్చుకున్నదే. నాకూ ఇక్కడ విసుగు పుట్టి, మానేద్దామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— ఓ మోడరేటర్

జవాబు: ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. నెల రోజుల తాళం వద్దు. సీనియర్‌ని తీసేయడమూ వద్దు. అలాంటి జోకులు మాత్రం ఇక మీ ఫోరంలో చెల్లకూడదు.

మీ విసుగును నేను తప్పు పట్టనండీ. ఒకే ప్రశ్నకు ఏళ్ల తరబడి జవాబు చెబుతుంటే ఎంత ఓపికమంతులకైనా ఒళ్లు మండుతుంది. కాకపోతే ఆ కోపం ఎవరి మీద చూపిస్తున్నామో చూసుకోవాలి. మీరు ఇన్నిసార్లు విన్న ప్రశ్నను ఆ అబ్బాయి అడిగింది ఒక్కసారే. తనకంటే ముందు అడిగిన వాళ్లందరి లెక్కా తెచ్చి అతని ఖాతాలో వేశారు మీ సీనియర్. నిన్న కెమెరా కొన్నవాడికి మీ ఫోరంలో ఎన్నేళ్లుగా ఏం నడుస్తోందో ఎలా తెలుస్తుంది?

ఆ ఒక్క మాటతోనే అతను వెళ్లిపోయాడని కూడా నేననుకోను. అత్త తిట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఒకరు విసుక్కుంటే ‘ఆయన తీరే అంత’ అని సరిపెట్టుకోవచ్చు. కింద వరసగా నవ్వు బొమ్మలు పడ్డాయంటే అది మొత్తం ఫోరం మాట అవుతుంది. పైగా ఆ నవ్వులు చూసింది అతనొక్కడే కాదు. ప్రశ్న టైప్ చేసి, పంపాలా వద్దా అని ఊగిసలాడుతూ ఉన్నవాళ్లు ఎందరో ఉంటారు. వాళ్లు నోరు విప్పకుండానే వెళ్లిపోతారు. ఎందరు వెళ్లారో మీకు ఎప్పటికీ తెలియదు.

ఇక సీనియర్ గారి వాదన. ఆయన చెప్పింది అబద్ధం కాదు. 1995 అక్టోబర్‌లో ఇంటెల్ ఉద్యోగి శాలీ హామ్‌బ్రిడ్జ్ ఇంటర్నెట్ మర్యాదలను ఒక పత్రంగా కూర్చారు. దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 1855 అంటారు. మెయిలింగ్ లిస్టుల్లో (ఒకరు రాస్తే సభ్యులందరికీ వెళ్లే ఈమెయిల్ బృందాలు), న్యూస్‌గ్రూపుల్లో (అప్పటి ఫోరాలు) ఏదైనా రాసే ముందు ఒకటి రెండు నెలలు చదవండి, అక్కడి పద్ధతి తెలుస్తుంది అని అందులో నిజంగానే ఉంది. కానీ అది కొత్తవాళ్లకు చెప్పిన సలహా. వాళ్లను బయట నిలబెట్టమని పాతవాళ్లకు ఇచ్చిన అధికారం కాదు. అదే పత్రంలో ఇంకో మాటా ఉంది: మీరు పంపే దాంట్లో జాగ్రత్తగా ఉండండి, మీకు వచ్చే దాని విషయంలో ఉదారంగా ఉండండి. రెచ్చగొట్టినా సరే వేడి మీద జవాబులు పంపొద్దని కూడా ఆ వెంటనే ఉంది. సీనియర్ గారు తనకు పనికొచ్చే వాక్యం దగ్గర ఆగిపోయారు. మిగతాదీ చదవమనండి.

అసలు ఈ గొడవ ఫోరాలంత పాతది. 1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ ఊహించి, మరుసటి ఏడాది నుంచి నడిపించిన యూజ్‌నెట్ అనే చర్చల నెట్‌వర్క్‌లో ఇది ఏటా జరిగే తంతు. సెప్టెంబర్‌లో కాలేజీలు తెరవగానే కొత్త విద్యార్థులకు నెట్ చేతికొచ్చేది, పాత ప్రశ్నలన్నీ మళ్లీ మొదలయ్యేవి. కొన్ని వారాల్లో వాళ్లూ పద్ధతులు నేర్చుకుని కలిసిపోయేవారు. 1993-94 ప్రాంతంలో ఏఓఎల్ లాంటి ఇంటర్నెట్ సేవల కంపెనీలు తమ మామూలు చందాదారులకు కూడా యూజ్‌నెట్ తెరిచేసరికి ఆ రాక ఆగలేదు. ఏడాది పొడవునా కొత్తవాళ్లే. 1993 సెప్టెంబర్ ఇంకా ముగియలేదని పాతకాపులు ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. మీకు ఇప్పుడున్న టెన్షన్ అప్పటివాళ్లకూ ఉంది. వాళ్లు ఊరికే చేతులు ముడుచుకుని కూర్చోలేదు కూడా. 1980ల్లో అంతరిక్ష విషయాల మెయిలింగ్ లిస్టులో పదేపదే వచ్చే ప్రశ్నలకు జవాబులు కూర్చి, వాటిని మధ్యమధ్యలో మళ్లీ పోస్టు చేసే అలవాటుకు నాసాలో పనిచేసే యూజీన్ మియాను ఆద్యుడిగా చెబుతారు. మనం ఇప్పుడు ఎఫ్‌ఏక్యూ అంటున్నది అదే.

అందులో నాకు నచ్చేది ‘మళ్లీ పోస్టు చేయడం’. ఒకసారి రాసి గోడకు అతికించి, ఇక చదవడం మీ ఖర్మ అనలేదు వాళ్లు. కొత్తవాళ్లు ఎప్పుడూ వస్తూనే ఉంటారు కాబట్టి జవాబూ వాళ్ల ఎదుటికి వస్తూ ఉండాలని అర్థం చేసుకున్నారు.

మీ పిన్ చేసిన పోస్టు దగ్గరికి వద్దాం. ఎవరూ చదవరు అన్నారు. ఎందుకు చదవరో ఎప్పుడైనా చూశారా? మీ ఫోన్‌లో లాగౌట్ అయి, కొత్త మనిషిలా మీ ఫోరం తెరిచి చూడండి. చాలా యాప్‌లలో పిన్ చేసిన పోస్టు సన్నటి గీతలా ముడుచుకుని ఉంటుంది, లేదా రెండు మూడు మెనూల వెనక దాక్కుంటుంది. కనిపించినా దాని పేరు ‘ముఖ్య గమనిక: నియమావళి’ అనో ‘కొత్త సభ్యులు తప్పక చదవండి’ అనో ఉంటుంది. ఫోటో మసగ్గా వచ్చి ఉసూరుమంటున్న మనిషికి తన బాధకు మందు అందులో ఉందని ఎలా తడుతుంది? తెరిచాడే అనుకోండి, ఎన్నేళ్ల కిందటిదో తేదీ. అందులో చెప్పిన కెమెరాలు ఇప్పుడు దొరకను కూడా దొరకవు. నమ్మకం కలగదు.

సెర్చ్ సంగతి ఇంకా విచిత్రం. వెతకాలంటే ముందు మాట తెలియాలి. మసకకు కారణం షట్టర్ స్పీడ్ (ఫోటో తీసేటప్పుడు షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది) అని తెలిసినవాడు ‘షట్టర్ స్పీడ్’ అని వెతుకుతాడు. అది తెలిస్తే మీ దగ్గరికి వచ్చే పనే లేదు కదా. తెలియనివాడు ‘ఫోటో బాగా రావట్లేదు’ అని కొడతాడు. లెక్కలేనన్ని థ్రెడ్లు (ఒక్కో ప్రశ్న, దాని కింది జవాబుల వరస) వస్తాయి. అందులో తనలాంటి సమస్య ఏదో, పాతబడిన జవాబు ఏదో, ఇద్దరు సీనియర్లు దెబ్బలాడుకున్నది ఏదో అతను తేల్చుకోలేడు. ఆ తేల్చుకునే శక్తినే మనం అనుభవం అంటాం. మీకు అది ఉంది కాబట్టి సెర్చ్ సులువనిపిస్తోంది.

అసలు అవన్నీ ఒకే ప్రశ్నా అని నా అనుమానం. ఆ మసక ఫోటోనే తీసుకోండి. మీకు తెలియంది కాదు గానీ, ఒకసారి మోడరేటర్ కళ్లతో చూడండి. ఫోటో అంతా ఒకే దిక్కుకు చెదిరినట్టుంటే చెయ్యి కదిలింది. ఇంట్లో వెలుతురు తక్కువ కాబట్టి కెమెరా తనంతట తాను షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆ కాసేపట్లో చెయ్యి వణుకుతుంది. గోడలు, కుర్చీలు స్పష్టంగా ఉండి పరిగెత్తే పిల్లాడు మాత్రం చెదిరితే, అది చేతి తప్పు కాదు, పిల్లాడి వేగం. ట్రైపాడ్ మీద పెట్టినా ఆ మసక పోదు. పిల్లాడు మసగ్గా ఉండి వెనకున్న కర్టెన్ మీది పువ్వులు కొట్టొచ్చినట్టు ఉంటే ఫోకస్ వెనక్కి పోయింది. దీపాల చుట్టూ పొగలాంటి వెలుగు పరుచుకుంటే, ముందు లెన్స్ మీద వేలి ముద్ర ఉందేమో తుడుచుకోమనాలి. నలుగురూ వచ్చి ‘ఫోటో మసగ్గా వస్తోంది’ అనే అడుగుతారు. వాళ్ల దగ్గరున్నది ఆ ఒక్క మాటే మరి. నాలుగు వేర్వేరు ప్రశ్నలను ఒకే ప్రశ్నగా చూసి, నలుగురికీ ఒకే లింకు ఇస్తే ముగ్గురికి పని జరగదు. వాళ్లు మళ్లీ వచ్చి అడుగుతారు. అప్పుడు ‘చెప్పినా వినరు’ అని మనం ఇంకా విసుక్కుంటాం.

కాబట్టి మొదటి పద్ధతి ఇది: జవాబు చెప్పే ముందు ఆ ఫోటో తెరిచి చూడండి. ఫోటో పెట్టకపోతే అడగండి. మిగతాదంతా తయారుగా పెట్టుకున్న జవాబే అయినా పర్వాలేదు, నిజానికి తయారుగా ఉండాలి కూడా. ప్రతిసారీ కొత్తగా రాయబట్టే అలసిపోతారు. మొదటి రెండు వాక్యాలు మాత్రం ఆ మనిషి కోసం మీ చేత్తో రాయండి. ఇదిగో, ఇలా:

‘నమస్తే, మీ ఫోటో చూశాను. సోఫా, గోడ బాగానే వచ్చాయి, పాప ఒక్కతే చెదిరింది. అంటే మీ చెయ్యి కదల్లేదు, పాప కదిలింది. షట్టర్ స్పీడ్ 1/250 సెకను దగ్గర పెట్టి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచి చూడండి. ఫోటోలో కాస్త గరుకు కనిపిస్తుంది గానీ చెదరడం తగ్గుతుంది. పగలైతే కిటికీ దగ్గర తీయండి. ఎందుకిలా అవుతుందో ఈ పాత థ్రెడ్‌లో వివరంగా ఉంది, మూడో జవాబు నుంచి చదివితే చాలు. తీశాక ఫోటో ఇక్కడే పెట్టండి.’

దీనికి మీకు పట్టేది రెండు మూడు నిమిషాలు. ఇందులో లింకు ఉంది, కానీ లింకు మొహాన కొట్టినట్టు లేదు. ఎక్కడి నుంచి చదవాలో చెప్పారు, చదవకపోయినా వెంటనే ప్రయత్నించడానికి ఒక పని ఇచ్చారు. షట్టర్ స్పీడ్ అనే మాట కూడా అతని చేతికిచ్చారు. రేపు అతను దేన్నైనా వెతుక్కోవాలంటే ఆ మాటే ఆసరా. వెతకడం నేర్పాలనుకుంటే ఇలా నేర్పాలి. ‘నేను షట్టర్ స్పీడ్, పిల్లలు అని వెతికితే ఇది దొరికింది’ అని ఇంకో వాక్యం చేర్చారా, ఇంకా మంచిది.

‘సెర్చ్ చేశారా?’ అనే మాటతోనే మొదలుపెట్టే అలవాటు చాలామందికి ఉంది. వాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. కానీ వినేవాడికి అది పోలీసు ప్రశ్నలా ఉంటుంది. చేశానంటే ‘మరి ఎందుకు దొరకలేదు?’ అంటారు, చేయలేదంటే తిడతారు. ఏ జవాబు చెప్పినా దోషి అతనే. అది తెలుసుకోవడం మీకు నిజంగా అవసరమైతే ‘ఇప్పటిదాకా ఏమేం ప్రయత్నించారు?’ అనండి. అడిగేది అదే, కాకపోతే దీనికి అతను సిగ్గుపడకుండా జవాబు చెప్పగలడు.

మీరు గమనించారో లేదో, ఇంకో నష్టం కూడా ఉంది. ఇవాళ మీరు ‘గూగుల్ చేసుకో’ అని రాసిన థ్రెడ్, రేపు గూగుల్‌లో వెతికినవాడికి మొదటి ఫలితంగా వస్తుంది. ఎంతో ఆశగా తెరుస్తాడు. లోపల ఉన్నది ‘గూగుల్ చేసుకో’. ఇది చాలా ఫోరాల్లో జరుగుతోంది, నాకు దీన్ని మించిన తమాషా కనిపించదు.

అయితే ప్రతి ప్రశ్నకూ మీరే జవాబు చెప్పాలా? అక్కర్లేదు. ఈ సంగతి మీ సీనియర్‌కూ మీకూ గట్టిగా చెప్పాలనుంది. ఫోరంలో ఎవరికీ జీతం లేదు. చదివి, విసుగొస్తే పక్కకు పోవచ్చు. ఓపిక ఉన్నప్పుడు చెప్పడం మర్యాద, లేనప్పుడు ఊరుకోవడమూ మర్యాదే. ఈ రెండూ వదిలేసి, విసుగును కూడా ఓపిగ్గా కూర్చుని టైప్ చేయడం దేనికి? వెటకారానికి పట్టిన టైమ్‌లో సగం జవాబు రాసేయవచ్చు.

‘మేమంతా ఊరుకుంటే కొత్తవాళ్లకు దిక్కెవరు?’ అంటారేమో. ఆరు నెలల కిందట ఇదే ప్రశ్న అడిగినవాళ్లు ఉన్నారు కదా. ఈ ప్రశ్నలకు అందరికంటే బాగా చెప్పేది వాళ్లే. తమకు ఎక్కడ అర్థం కాలేదో, ఏ మాట దగ్గర వెలిగిందో వాళ్లకింకా గుర్తుంటుంది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు అది మరిచిపోయి ఉంటారు, అందుకే ఎక్కువ చెబుతారు. అలాంటి నలుగురైదుగురిని పేరు పెట్టి అడగండి: ‘కొత్తవాళ్ల విభాగం కాస్త చూస్తూ ఉంటారా?’ అని. అడగందే అమ్మయినా పెట్టదు, మరి వీళ్లు తమంతట తాము ముందుకు రావాలంటే మొహమాటం. మీ సీనియర్లకు మాత్రం ఒక మాట చెప్పి ఉంచాలి. ఆ కొత్త గురువులు చిన్న పొరపాటు చెబితే మీద పడి పీకొద్దు. ‘బాగా చెప్పారు, దీనికి ఇంకొకటి కలుపుతాను’ అని దిద్దితే చాలు. లేకపోతే వాళ్లూ పారిపోతారు.

పెద్ద సైట్లు ఏం చేశాయని చూస్తే రెండు రకాల పాఠాలు దొరుకుతాయి. ప్రోగ్రామర్ల కోసం 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఒకసారి వచ్చిన ప్రశ్న మళ్లీ వస్తే ‘డూప్లికేట్’ అని మూసేసి పాత జవాబుకు దారి చూపిస్తారు. అలా మూసిన ప్రశ్నలన్నింటినీ తీసి పారేయరు. ఒకే విషయాన్ని జనం వేర్వేరు మాటల్లో వెతుకుతారు కాబట్టి, ప్రతి డూప్లికేటూ అసలు జవాబుకు దారి చెప్పే బోర్డులా పనికొస్తుంది. ఇది మీరు తెచ్చుకోవచ్చు: పాత ప్రశ్నలను తీసేయకండి, లింకులతో కలపండి. కానీ ఆ సైట్‌లో పద్ధతులు ఎంత గట్టిగా ఉండేవంటే, కొత్తవాళ్లకు ఇక్కడ ఆదరణ సరిగా లేదు, ఇది మారాలి అని 2018లో ఆ సంస్థే బహిరంగంగా రాసుకుంది. అంటే నియమం ఎంత తెలివైనదైనా, దాన్ని అమలు చేసే గొంతు కరుగ్గా ఉంటే జనం గొంతునే గుర్తుపెట్టుకుంటారు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు.

ఇంగ్లీష్ వికీపీడియాలో ఏకంగా ‘కొత్తవాళ్లను కరవకండి’ అనే మార్గదర్శకమే ఉంది. అంతటితో ఆగకుండా 2012లో టీహౌస్ అని ఒక చోటు తెరిచారు. కొత్తవాళ్లు ఎలాంటి ప్రశ్నైనా అడగొచ్చు, ఓపికగా జవాబు చెప్పడానికి ఇష్టపడి వచ్చినవాళ్లే అక్కడ ఉంటారు. మీకు నేను సూచించేది కూడా ఇలాంటిదే. ‘ఎంత చిన్న ప్రశ్నైనా ఇక్కడ అడగండి’ అని వారం వారం ఒక కొత్త థ్రెడ్ తెరవండి. విసుగొచ్చినవాళ్లు అటు వైపు చూడనక్కర్లేదు. నెల రోజుల తాళం కంటే ఇది మేలు. కెమెరా చేతికొచ్చిన మొదటి నెలలోనే కదా ప్రశ్నలన్నీ పుట్టేది? ఆ నెల నోరు మూసుకోమంటే ఇంకెక్కడికో పోతారు. పోయిన చోటే ఉండిపోతారు.

ఒక తేడా మాత్రం మరిచిపోవద్దు. స్టాక్ ఓవర్‌ఫ్లో, వికీపీడియా ప్రధానంగా సమాచారం పోగుచేసే చోట్లు. మీది మనుషులు కలుసుకునే చోటు. కొత్త మనిషి ‘మొదటి కెమెరా ఏది కొనాలి?’ అని అడిగాడంటే, సగం కెమెరా కోసం, సగం నేనూ వచ్చానని చెప్పుకోవడం కోసం. ‘నన్ను పరిచయం చేసుకుంటున్నాను’ అనడానికి మొహమాటపడి ప్రశ్న పట్టుకొస్తారు. అందుకే కొన్నిసార్లు జవాబు దొరికినా మళ్లీ వేరే ప్రశ్నతో వస్తారు.

పిన్ చేసిన పోస్టును తిరగరాయండి. పేరు కొత్తవాళ్ల మాటల్లో ఉండాలి: ‘ఫోటోలు మసగ్గా వస్తున్నాయా? ఇక్కడ చూడండి’. పైన చెప్పిన నాలుగు రకాల మసకకూ ఒక్కో ఉదాహరణ ఫోటో పెట్టండి. జనం తమ ఫోటోను దానితో పోల్చి చూసుకుంటారు, వ్యాసం చదవరు. తేదీ వేయండి, అప్పుడప్పుడు సరిచూడండి. ప్రశ్న అడిగే పెట్టెలో ముందే నాలుగు ఖాళీలు ఉంచే వీలుంటే ఉంచండి: ఏ కెమెరా, ఎక్కడ తీశారు, ఏం ప్రయత్నించారు, ఫోటో. సగం గందరగోళం అక్కడే తీరుతుంది.

సీనియర్ గారితో మాట్లాడాల్సింది మీరే, అదీ ప్రైవేట్ మెసేజ్‌లోనే. అందరి ముందూ మందలిస్తే ఆయన ఆ అబ్బాయికి చేసిందే మీరు ఆయనకు చేసినట్టవుతుంది, రెండు వర్గాలూ ఇంకా బిగుసుకుంటాయి. నీతులు చెప్పకండి. ‘సార్, నాకు మీరు మొదట్లో ఎంత ఓపిగ్గా చెప్పారో నాకు తెలుసు. ఇప్పుడు వచ్చేవాళ్లకు మీలోని ఆ మనిషి కనిపించడం లేదు. మీకు విసుగొచ్చిన ప్రశ్నలు నాకు వదిలేయండి, మేం చూసుకుంటాం. కొత్తవాళ్ల మీద జోకులు మాత్రం ఇకపై తీసేస్తాం, అది మీదైనా సరే’ అనండి. ఆఖరి వాక్యాన్ని మింగేయకండి. మీ మొహమాటం అక్కడే అడ్డొస్తుంది, కానీ అది చెప్పకపోతే మిగతాదంతా పొగడ్తగానే మిగులుతుంది. ఆయన మారకపోతే రెండోసారి చెప్పండి. మూడోసారి అందరికీ ఏ నియమమో ఆయనకూ అదే.

ఆ అబ్బాయికి ఒక చిన్న మెసేజ్ పంపండి. సీనియర్ తరఫున బతిమాలడం, సంజాయిషీలు ఇవ్వడం వద్దు. ‘మీ ప్రశ్న మంచిదే, దానికి జవాబు ఆ థ్రెడ్‌లోనే రాశాను’ అంటే చాలు. నిజంగా రాసి పెట్టండి, ఆ జోకు తీసేసి. అతను రాకపోయినా, అదే ప్రశ్నతో వచ్చే ఇంకొకరికి అది దొరుకుతుంది.

ఇంత చెప్పానని కొత్తవాళ్లు ఏం చేసినా భరించమని కాదు. రావడమే ‘అర్జెంట్, త్వరగా చెప్పండి’ అంటూ ఒకే ప్రశ్నను అయిదు విభాగాల్లో వేసేవాళ్లు ఉంటారు. ముగ్గురు కూర్చుని వివరంగా చెబితే ఒక్కటీ ప్రయత్నించకుండా మర్నాడు అదే ప్రశ్న మళ్లీ వేసేవాళ్లుంటారు. జవాబు దొరకగానే ప్రశ్నను తీసేసి, అంతమంది శ్రమనూ గాలికి వదిలేసేవాళ్లు కూడా. వీళ్లతో గట్టిగా ఉండొచ్చు. ఇక్కడ మళ్లీ అడగడం తప్పు కాదు, చెప్పినదాన్ని పట్టించుకోకపోవడం తప్పు. ‘నిన్న మీకు ఈ మూడు సూచనలు వచ్చాయి. వాటిలో ఏది చేశారు, ఏం జరిగిందో చెబితే ముందుకు వెళ్దాం’ అని రాయండి. అంతకు మించి ఒక్క విశేషణం కూడా అక్కర్లేదు. నిజంగా నేర్చుకోవాలనుకునేవాడు చేసి వస్తాడు. ఊరికే పని చేయించుకోవాలనుకునేవాడు ఇంకెవరినో వెతుక్కుంటాడు.

మానేద్దామా అని అడిగారు. కొత్తవాళ్ల ప్రశ్నలు ఎక్కువయ్యాయనే ఈ విసుగని మీరనుకుంటున్నారు. నాకు మాత్రం మీకు పనికొచ్చే కబుర్లు తగ్గిపోయాయేమో అనిపిస్తోంది. ఫోరంలో పాతవాళ్లు ఎప్పుడూ ఇవ్వడమే గానీ పుచ్చుకోవడం లేకపోతే, మొదట వాళ్ల మాటల్లో కారం పెరుగుతుంది, తర్వాత వాళ్లే ఒక్కొక్కరూ జారుకుంటారు. మీ సీనియర్ సంగతీ ఇదే అయి ఉండొచ్చు. ఆయన చివరిసారి ఆ ఫోరంలో కొత్త విషయం నేర్చుకుని ఎన్నాళ్లయిందో అడిగి చూడండి. మీలాంటివాళ్ల కోసం విడిగా ఒక విభాగం తెరవండి. ఒక ఫోటో తీసుకుని దాని మీద రోజంతా వాదించుకునే చోటు, ఎవరూ ‘ఐఎస్ఓ అంటే ఏంటి?’ అని అడగని చోటు. కొత్తవాళ్లు చదవొచ్చు, మాట్లాడటం మాత్రం విషయం తెలిసినవాళ్లే. దానికి మొదటి పోస్టు సీనియర్ గారినే రాయమనండి. మోడరేటర్ పని కూడా మీ ఒక్కరి నెత్తిన పెట్టుకోకండి. వారానికి ఒకరు చొప్పున ముగ్గురు పంచుకోండి, మీ వంతు కాని వారాల్లో కొత్తవాళ్ల విభాగం తెరవనే వద్దు. ఇలా రెండు మూడు నెలలు నడిపాక కూడా అక్కడికి వెళ్లాలంటే బరువుగానే ఉంటే, అప్పుడు మానేయండి. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.